బ్రేకుకి ఎంత పెట్టాలి?



మొన్నామధ్య ఓ రాత్రి మా మేనకోడలు ఫోన్ చేసింది. "మావయ్యా, నా సైకిల్‌కి కొత్త బ్రేకులు కొందామనుకుంటున్నా. ఒక జత చూశాను. ఫోటో పంపించాను చూడు. కొనెయ్యనా?" అంది. చూశాను. నల్లగా, సన్నగా, నగలా ఉన్నాయి. ఖరీదెంతమ్మా అని అడిగాను. చెప్పింది. ఆ డబ్బుతో ఏ షాపుకెళ్ళినా ఓ కొత్త సైకిలే వస్తుంది.

ఆ పిల్ల డబ్బు దుబారా చేసే మనిషి కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరింది. 200 కిలోమీటర్ల బ్రెవెకి తయారవుతోంది. బ్రెవె అంటే పందెం కాదు. 200 కిలోమీటర్లూ 13 గంటల 30 నిమిషాల్లోగా తొక్కి ముగించాలి, అంతే. దారిలో ఎత్తులుంటాయి, పల్లాలుంటాయి, వాన పడొచ్చు. బ్రేకు గురించి ఆలోచించడంలో తప్పేముంది? అందుకే అప్పటికప్పుడు అవుననలేదు, కాదనలేదు. ఆదివారం సైకిల్ తీసుకురామ్మా, చూసి మాట్లాడుకుందాం అన్నాను. ఆ ఆదివారం మేం చూసిందీ, మాట్లాడుకున్నదీ ఈ కాసేపు మీతో పంచుకుంటాను.

ముందు రిమ్ బ్రేకు అంటే ఏమిటో చెబుతాను. చక్రానికి చుట్టూ ఉండే లోహపు కట్టుని రిమ్ము అంటాం. దాన్ని రెండు పక్కల నుంచి రెండు రబ్బరు ముక్కలు పట్టుకుంటే అది రిమ్ బ్రేకు. మన ఇళ్ళల్లో చాలా సైకిళ్ళకి ఉండేది అదే. చక్రం మధ్యలో చిన్న పళ్ళెంలాంటిది పెట్టి దాన్ని పట్టుకునేది డిస్క్ బ్రేకు. అది వేరే కథ. ఈవేళ మన మాట రిమ్ బ్రేకు గురించే.

మీలో పెద్దవాళ్ళకి చువ్వల బ్రేకు గుర్తుండే ఉంటుంది. మా నాన్నగారి సైకిల్‌కి అదే. హేండిల్ కింద రెండు చువ్వలు. పట్టి లాగితే రబ్బర్లు పైకి లేచి రిమ్ము లోపలి అంచుకి ఒత్తుకునేవి. ఎండాకాలం బాగానే పనిచేసేది. వానాకాలం వచ్చిందా, ఇక అంతే. ఆ రిమ్ము ఉక్కుది, పైన తళతళలాడే పూత. తడిసిన ఉక్కు మీద రబ్బరు జారిపోతుంది. నాన్నగారు సందు మలుపుకి చాలా ముందు నుంచే బ్రేకు లాగి పట్టుకుని వచ్చేవారు. తర్వాత అల్యూమినియం రిమ్ములు వచ్చాయి. తడిలో ఉక్కు కంటే అల్యూమినియం చాలా నయం. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. మీ సైకిల్‌కి ఇంకా ఉక్కు రిమ్మే ఉంటే, ప్రపంచంలోకెల్లా ఖరీదైన బ్రేకు బిగించినా వానలో అది సరిగ్గా పట్టదు. ముందు మార్చాల్సింది రిమ్ము.

ఇప్పుడు నాకు జరిగినది ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ కిందట, జులై నెల. అనంతగిరి ఘాట్ దిగి శృంగవరపుకోట వైపు వస్తున్నాను. పైన కాఫీ తోటల దగ్గర చినుకులు, సగం దూరం దిగేసరికి జోరువాన. ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా బస్సు ఆగి ఉంది. రెండు చేతులతో బ్రేకులు నొక్కాను. సైకిల్ వేగం తగ్గలేదు. ఇంకా నొక్కాను. కర్రమంటూ చప్పుడు వస్తోంది గానీ ఆగడం లేదు. బస్సు వెనక నిచ్చెన దగ్గరకొస్తోంది, ఇంకా దగ్గరకొస్తోంది. చివరికి దానికి జానెడు దూరంలో ఆగింది. సైకిల్ దిగి రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాను. చాలాసేపు లేవలేకపోయాను.

ఇంటికి రాగానే నిశ్చయించుకున్నాను. ఖర్చెంతయినా సరే, ఉన్నవాటిలోకెల్లా మంచి బ్రేకులు కొనాలని. మర్నాడు మా పాత మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన. బాబాయ్ అని పిలుస్తాను. నా మాటంతా విని, "ఉండు బాబూ, కొత్తవాటి సంగతి తర్వాత. ముందు ఈ రబ్బర్లు విప్పి సూద్దాం" అన్నాడు.

విప్పి, ఒక రబ్బరు నా అరచేతిలో పెట్టాడు. ఎండలోకి తిప్పి చూడమన్నాడు. నల్లటి రబ్బరులో వెండి రజను చల్లినట్టు మెరుపులు. అవన్నీ అల్యూమినియం ముక్కలు. రిమ్ము అరిగినప్పుడు ఊడిన పలుకులు రబ్బరులో దిగబడిపోయాయి. నాకు వినిపించిన ఆ కర్రమనే చప్పుడు వాటిదే. రబ్బరు రిమ్ముని పట్టడం లేదు, లోహం లోహాన్ని గీకుతోంది. ఇక రబ్బరు పైన గోరుతో నొక్కితే దిగలేదు. ఎండకి ఎండి చెక్కముక్కలా అయిపోయింది. బాబాయ్ గోనెసంచులు కుట్టే దబ్బనం తీసుకుని ఒక్కో పలుకూ పెకలించి కాగితం మీద పెట్టాడు. నాలుగు రబ్బర్ల నుంచీ కలిపి చిటికెడు పోగయ్యాయి. ఆ కాగితం చాలాకాలం దాచుకున్నాను.

"బ్రేకు బాగానే ఉంది బాబూ. రబ్బరు సచ్చిపోయింది" అన్నాడు.

కొత్త రబ్బర్లు వేశాడు. కొత్త వైరు వేశాడు. రబ్బర్లని పట్టుకుని ఉండే ఇనప బ్రేకు చేతులు మాత్రం పాతవే. పది రోజుల తర్వాత మళ్ళీ అదే ఘాట్, మళ్ళీ వానే. ఈసారి బండి నేను అనుకున్నచోట ఆగింది.

అప్పటి నుంచి బ్రేకుని నేను ఒకే వస్తువుగా చూడడం మానేశాను. మీరూ ఇలా ఊహించుకోండి. మీ చెయ్యి లివరుని లాగుతుంది. లివరు వైరుని లాగుతుంది. వైరు బ్రేకు చేతుల్ని లాగుతుంది. అవి రబ్బరుని రిమ్ముకి ఒత్తుతాయి. రిమ్ము టైరుని ఆపుతుంది. టైరు రోడ్డుని పట్టుకుంటుంది. చేంతాడు ఎక్కడ తెగినా బిందె బావిలోనే ఉండిపోతుంది. ఇక్కడా అంతే. షాపులో ఖరీదైన బ్రేకు అని మనకి చూపించేది ఈ వరసలో ఒక్క ముక్కనే, మధ్యలో ఉండే ఆ బ్రేకు చేతుల్ని. మిగతావన్నీ పాతవే అయితే ఆ ఒక్కటీ ఏం చేస్తుంది?

అయితే బ్రేకు చేతులన్నీ ఒకటేనా అంటే, కాదు. ఇక్కడ జాగ్రత్తగా వినండి. బాగా చవకరకం సైకిళ్ళకి పల్చటి రేకుతో చేసిన బ్రేకులు వస్తాయి, ప్లాస్టిక్ లివర్లు వస్తాయి. నొక్కితే రబ్బరు రిమ్ముని ఒత్తే ముందు బ్రేకే వంగుతుంది. చేతికి స్పాంజి నొక్కినట్టు ఉంటుంది. వాటిని మార్చి మంచి కంపెనీ మామూలు బ్రేకు వేయించుకోండి. తేడా మొదటి వీధి చివరే తెలిసిపోతుంది. ఆ డబ్బు పెట్టి తీరాలి, అందులో నాకు రెండో మాట లేదు. నాసిరకం నుంచి మామూలు మంచి రకానికి ఎక్కే మెట్టు చాలా ఎత్తు. మామూలు మంచి రకం నుంచి అత్యంత ఖరీదైన రకానికి ఎక్కే మెట్టు చాలా పొట్టి. ధర మాత్రం తలకిందులు. పొట్టి మెట్టుకే ఎక్కువ డబ్బు.

ఎందుకలాగో చెబుతాను. మన ఇళ్ళల్లో అడకత్తెర ఉండేది కదా. పోకచెక్కని కొస దగ్గర పెట్టి నొక్కితే తెగదు. కీలు దగ్గరకి జరిపి నొక్కితే పుటుక్కున తెగుతుంది. బ్రేకులోనూ అదే సూత్రం. పాతకాలపు రోడ్డు సైకిల్ బ్రేకుకి ఒకటే కీలు. 1990 ప్రాంతంలో జపాన్ కంపెనీ షిమానో రెండు కీళ్ళ బ్రేకుని విస్తారంగా తెచ్చింది. రెండు కీళ్ళు పెట్టేసరికి అదే చేతి బలానికి రబ్బరు మరింత గట్టిగా ఒత్తడం మొదలుపెట్టింది. రెండు పక్కలా సమానంగా కూడా నిలబడింది.  కొన్నేళ్ళకే మామూలు సైకిళ్ళకీ దిగింది. ఇప్పుడు మీరు సామాన్యమైన ధరకి కొనే రోడ్డు సైకిల్ బ్రేకు కూడా ఆ రెండు కీళ్ళదే. అంటే పెద్ద మార్పు ఏదైతే ఉందో అది ఇప్పటికే మన చేతికి వచ్చేసింది.

ఖరీదుకీ పట్టుకీ పొత్తు కుదరని కథ ఒకటి సైకిళ్ళ చరిత్రలోనే ఉంది. ఇటలీలో కాంపాన్యోలో అనే కంపెనీ ఉంది. సైకిల్ భాగాల తయారీలో దానికి మహా పేరు. 1980ల మధ్యలో వాళ్ళు డెల్టా అనే బ్రేకు తెచ్చారు. ముక్కోణం ఆకారం, అద్దంలాంటి నునుపు, లోపలి కీళ్ళన్నీ మూత కింద దాగి ఉంటాయి. అంత అందమైన బ్రేకు నేనింకొకటి చూడలేదు. కానీ బరువు ఎక్కువ. సరిచెయ్యడం కష్టం. లోపలి అమరిక ఎలాంటిదంటే, నొక్కుతున్నకొద్దీ దాని బలం మారిపోతూ ఉంటుంది. రబ్బరు కాస్త అరిగితే చేతికి తెలిసే తీరే మారిపోతుంది. మొదట తెచ్చినదాన్ని వెనక్కి తీసుకుని మార్చి మళ్ళీ తెచ్చారు. ఆ మధ్యకాలంలో నీలిరాయి పొదిగిన ఇంకో బ్రేకు ఇచ్చారు, కోబాల్టో అని. 1990ల మొదట్లో డెల్టాని ఆపేశారు. ఇప్పటికీ పాత వస్తువులు సేకరించేవాళ్ళు డబ్బు పోసి కొంటారు. కొననివ్వండి, అది నిజంగా అందమైన వస్తువు. ఆగడానికి మాత్రం ఆనాటి మామూలు బ్రేకుని మించి చేసిందేమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బ్రేకు ఎంత బలమైనదైనా సైకిల్‌ని ఒక హద్దుకి మించి తొందరగా ఆపలేదు. ఈ ఒక్క మాట కోసమే ఈ ప్రసంగం అనుకోండి.

బస్సులో నిలబడి ఉన్నారు. డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. మీరు ముందుకి తూలతారు. సైకిల్ మీద కూర్చున్న మనిషీ అంతే. బ్రేకు నొక్కగానే బరువంతా ముందు చక్రం మీదకి వెళుతుంది. వెనక చక్రం తేలికవుతుంది. ఇంకా గట్టిగా నొక్కితే వెనక చక్రం నేల నుంచి లేస్తుంది. ఆపైన నొక్కితే మనిషి హేండిల్ మీంచి ముందుకి పడతాడు. అదే హద్దు. అది బ్రేకు పెట్టిన హద్దు కాదు. మీరు కూర్చున్న ఎత్తూ, ముందు చక్రానికీ మీకూ ఉన్న దూరమూ కలిసి పెట్టిన హద్దు. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో ఉంటే, పొడి రోడ్డు మీద, బ్రేకు పట్టినప్పటి నుంచి ఆగడానికి కనీసం 6, 7 మీటర్లు పడుతుంది. అంతకంటే తగ్గించబోతే పల్టీయే. మంచి రబ్బరూ, మంచి వైరూ ఉన్న మామూలు రెండు కీళ్ళ బ్రేకు మిమ్మల్ని ఆ హద్దు దాకా తీసుకెళ్ళగలదు. మరి పదింతలు పెట్టి కొన్న బ్రేకు ఎక్కడి దాకా తీసుకెళుతుంది? అదే హద్దు దాకా. మరోసారి చెబుతాను. మామూలుది ఆ హద్దు దాకా వెళుతుంది. ఖరీదైనదీ ఆ హద్దు దాకానే వెళుతుంది.

ఈ సందర్భంలో ఇంకో మాట. మనలో చాలామందికి ముందు బ్రేకు అంటే భయం. చిన్నప్పుడు ఎవరో ముందు బ్రేకు నొక్కితే పడతావురా అని చెప్పి ఉంటారు. దాంతో జీవితమంతా వెనక బ్రేకే వాడతాం. వెనక బ్రేకు ఒక్కదానితో ఆగాలంటే దాదాపు రెట్టింపు దూరం కావాలి. వెనక చక్రం తేలికైపోతుంది కనక జారిపోతుంది కూడా. మన దగ్గర మామూలుగా కుడిచేతి లివరు ముందు చక్రానిది. ఖాళీ మైదానంలో, నెమ్మదిగా పోతూ, ముందు బ్రేకుని కొద్దికొద్దిగా నొక్కడం అలవాటు చేసుకోండి. నడుముని కాస్త వెనక్కి జరిపి, చేతులు బిగించి పట్టుకోండి. తడినేల మీదా, ఇసక మీదా మాత్రం ముందు బ్రేకుతో సున్నితంగా ఉండాలి.

మరి ఖరీదైన బ్రేకులో ఏమీ లేదా? ఉంది. న్యాయంగా చెప్పాలి కదా. ఒకటి, బరువు. అమెరికాలో కేన్ క్రీక్ అనే కంపెనీ ఈఈ బ్రేకులని చేస్తుంది. రెండు చక్రాలవీ కలిపినా 200 గ్రాములు తూగవు. మామూలు మంచి జతకీ దీనికీ తేడా సుమారుగా ఓ గ్లాసుడు నీళ్ళ బరువు. కొండ మీద పోటీకి ఎక్కేవాడికి ఆ గ్లాసుడు లెక్కే. మనకి సీసాలో నీళ్ళు ఓ గ్లాసు తక్కువ పోసుకున్నంత. రెండు, చేతికి తెలిసే తీరు. ఇది నాకు నిజంగా విలువైనదిగా అనిపిస్తుంది. మంచి బ్రేకులో కీళ్ళ దగ్గర బిగువు గానీ వదులు గానీ ఉండదు. వేలు ఎంత కదిలిస్తే అంతే పడుతుంది. వీణ మెట్ల మీద వేలు జరిపినట్టు, ఇంత అంటే ఇంతే. గంటలకొద్దీ తొక్కి వేళ్ళు అలిసిపోయినవాళ్ళకీ, కీళ్ళ నొప్పులున్నవాళ్ళకీ, సామాను వేసుకుని ఘాట్‌లు దిగేవాళ్ళకీ ఆ తేలిక చాలా సాయం. అలాంటివాళ్ళు ఆ డబ్బు పెడితే నేను వద్దనను.

వేడి సంగతి చెప్పలేదు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు చేసేదేమిటి? మీరు కొండ ఎక్కి సంపాదించిన శక్తిని వేడిగా మారుస్తుంది. మనిషీ సైకిలూ కలిపి 90 కిలోలనుకుందాం. 900 మీటర్ల ఎత్తు నుంచి దిగారు. ఆ శక్తంతా వేడిగా మారితే రెండు లీటర్ల పైచిలుకు చల్లటి నీళ్ళు తెర్లిపోతాయి. కొంత గాలికి పోతుంది. మిగతాదంతా రిమ్ము మోయాలి. బ్రేకుని అదేపనిగా నొక్కి పట్టుకుని దిగితే రిమ్ము కాలిపోతుంది, ట్యూబు పేలొచ్చు. కార్బన్ రిమ్మైతే పాడైపోవచ్చు కూడా. దానికి దాని రబ్బర్లే వాడాలి. బ్రేకు ఖరీదైనదైనా పుట్టే వేడి ఒకటే. మలుపుకి ముందు గట్టిగా నొక్కి, వేగం తగ్గించుకుని, వదిలెయ్యండి. గాలి తగలనివ్వండి. మళ్ళీ నొక్కండి. వదలండి.

డిస్క్ బ్రేకులొచ్చాక రిమ్ బ్రేకు పని అయిపోయిందని కొందరంటారు. కంపెనీలు కొత్త రోడ్డు మోడళ్ళని చాలావరకు డిస్క్‌తోనే తెస్తున్న మాట నిజమే. వానలో డిస్క్ మెరుగన్నదీ నిజమే. అయితే 2019లో కొలంబియా కుర్రాడు ఎగాన్ బెర్నాల్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది రిమ్ బ్రేకు సైకిల్ మీదే. ఆల్ప్స్ కొండలు దిగి వచ్చింది ఆ బ్రేకులతోనే. మీ పాత సైకిల్‌ని చూసి బెంగపడకండి.

సరే, ఆదివారానికి వద్దాం. అమ్మాయి సైకిల్ తెచ్చింది. అల్యూమినియం రిమ్ములు, రెండు కీళ్ళ మామూలు బ్రేకు. బ్రేకు చేతులకి ఏ లోటూ లేదు. రబ్బర్లు విప్పాం. గోరు దిగలేదు. లివరు నొక్కి లోపలికి టార్చి వేసి చూస్తే వైరులో రెండు పోగులు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి. హేండిల్ దగ్గర వైరు మీది పైగొట్టం వంగి మడత పడింది. "ఇది ఘాట్‌లో తెగుంటేనో?" అంది. నేనేమీ అనలేదు.

ఆ ఫోటోలోని బ్రేకు అసలు తనకి పడుతుందా అని కూడా కొలిచాం. ఇది మీరూ చెయ్యండి. బ్రేకు బిగించే బోల్టు దగ్గర నుంచి రిమ్ము మీద రబ్బరు ఆనే చోటు దాకా స్కేలుతో కొలవాలి. తనది 52 మిల్లీమీటర్లు వచ్చింది. తను కొనబోయినది 49 వరకే అందే పొట్టి రకం. కొని ఉంటే రబ్బరు రిమ్ముకి బదులు టైరుకి ఒరుసుకునేది.

ఇద్దరం పని మొదలుపెట్టాం. రిమ్ముల్ని స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో నల్లటి మడ్డి పోయేదాకా తుడిచాం. కొత్త వైరూ, కొత్త పైగొట్టం వేశాం. గొట్టం కోసిన కొసని ఆకురాయితో నున్నగా రాశాం. కొస వంకరగా ఉంటే చేతి బలం అక్కడే వృథా అయిపోతుంది. కొత్త రబ్బర్లు బిగించాం. కూల్‌స్టాప్ కంపెనీవి, ఇటుక రంగువి. తడిలో బాగా పడతాయని నా అనుభవం. రబ్బరుని పట్టే తొడుగు తెరిచి ఉన్న కొస వెనక్కి ఉండేలా చూసుకున్నాం. ముందుకి ఉంటే బ్రేకు వేసినప్పుడు రబ్బరు ఊడి పడుతుంది. రబ్బరు వెనక కొస కింద పోస్టుకార్డు ముక్క పెట్టి బిగించి, తర్వాత కార్డు లాగేశాం. అలా చేస్తే ముందు కొస ముందుగా ఆనుతుంది, కీచుమనదు. ఆఖరున లివరులో ఉండే చిన్న మరని తిప్పి లివరుని హేండిల్ దగ్గరకి జరిపాను. తనవి చిన్న చేతులు. ఇన్నాళ్ళూ వేళ్ళ కొసలతో అందుకుంటూ తొక్కింది పాపం. మొత్తం ఖర్చు, తను కొనబోయిన దాంట్లో పదోవంతు కాలేదు.

సాయంత్రం కైలాసగిరి కొండ రోడ్డు దగ్గరికి వెళ్ళాం. తను కొంతదూరం పైకి ఎక్కి, వెనక్కి తిరిగి దిగింది. నేను కింద నిలబడి ఉన్నాను. వేగంగానే వచ్చింది. నా ముందుకొచ్చి, రెండు వేళ్ళతో నొక్కి, చప్పుడు లేకుండా ఆగింది. కాలు కింద పెట్టి లివరు వంక చూసుకుంది. "మావయ్యా, ఇవి నా బ్రేకులేనా?" అంది. మళ్ళీ పైకెక్కి మళ్ళీ దిగింది. చీకటి పడేదాకా అదే పని.

ఆ ఫోటో ఇంకా తన ఫోన్‌లోనే ఉంది. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు కొనుక్కుంటానంది. ఏవి కొనాలో చెప్పమంది. ఆ కబురు ఇంకోసారి చెప్పుకుందాం.